కొలత మీఱిన వ్రాత



కాగితముమీద వ్రాసిన ఉత్తరము తనంతట తాను మనల నేమియు చేయజాలదు. అందు అబద్ధముండవచ్చును, దూషణముండవచ్చును, దొంగసంతకము కూడ ఉండవచ్చును. ఐనను ఆ ఉత్తరము తానై లేచి మన భోషాణము తాళము తీయదు. మన దస్తావేజులను మోసికొని పొరుగూరికి పోదు. నమ్ముటయు, నమ్మకుండుటయు చదివినవాని చేతిలోని పని. తరతరములుగా మనము ఈ ధైర్యముతోనే ఉత్తరములను విప్పి చదువుకొనుచున్నాము.

నేడు ఉత్తరములు పెక్కు కంప్యూటరునకు వచ్చుచున్నవి. గ్రామ పంచాయతికిని, సహకార సంఘమునకును, పాఠశాలకును వచ్చు అర్జీలు, నోటీసులు, బిల్లులు ఫైళ్ళ రూపమున వచ్చి, వ్రాతపని చేయు ప్రోగ్రాములో తెఱవబడుచున్నవి. అట్టి ఉత్తరమును తెఱచిన మాత్రమున యంత్రము పరుల వశమగుట సాధ్యమా యని మీరు నన్నడిగినచో, సాధ్యమే యని చెప్పవలసియున్నది. అది ఎట్లు జరుగునో, ఎందువలన జరుగునో, మనమేమి చేయవలెనో, 2017వ సంవత్సరమున బయటపడిన ఒక లోపమును ముందుంచుకొని మనవి చేసెదను. విషయము యంత్రసంబంధమైనదే గాని, దాని కీలకము కొలత యెఱిగిన రైతునకు తెలియనిది కాదు.

ముందుగా యంత్రము లోపలి సంగతి కొంచెము చెప్పవలెను. కంప్యూటరు జ్ఞాపకమును ఒక పెద్ద గళ్ళ కాగితముగా భావింపుడు. ఒక్కొక్క గడికి ఒక సంఖ్య కలదు. ఒక్కొక్క గడిలో ఒక అక్షరమో, ఒక అంకెయో పట్టును. ఇందు విశేషమేమనగా, మనము వ్రాసిన వ్రాతయు, యంత్రము చేయవలసిన పనులను తెలుపు ఆజ్ఞలును ఒకే కాగితముమీద నుండును. రెండును అంకెల రూపముననే యుండును. ఇది వ్రాత, ఇది ఆజ్ఞ యని అంకెను చూచి చెప్పుటకు వీలులేదు. యంత్రమును ఏ గడికి పంపిన ఆ గడిలో నున్నదానిని ఆజ్ఞయనియే తలచి నెఱవేర్చును. కొన్ని గళ్ళలోనిది వ్రాత మాత్రమే యని గుఱుతు పెట్టు ఉపాయము తర్వాత వచ్చినది గాని, ఆ గుఱుతు లేని ప్రోగ్రాములు పెక్కు మిగిలిపోయినవి.

యంత్రము ఒక పని చేయుచుండగా నడుమ చిన్న పని యొకటి తగులును. అప్పుడది చేయుచున్న పనిని ఆపి, చిన్న పనికి పోవును. పోవుటకు ముందు, “ఇది ముగిసిన తర్వాత ఫలానా గడికి మరలి రావలెను” అని ఒక చీటీ వ్రాసి పెట్టుకొనును. ఆ చీటీకి చేరువలోనే, చిన్న పనికి కావలసిన సరకు నుంచుకొనుటకు కొన్ని గళ్ళను ఖాళీగా విడిచిపెట్టును. ఈ ఖాళీ గళ్ళ వరుసకే బఫరు అని పేరు.

ఒక పేరు వ్రాయుటకు 20 గళ్ళు విడిచినారనుకొనుడు. వచ్చిన పేరు 15 అక్షరములైన చిక్కులేదు. 40 అక్షరముల పేరు వచ్చినచో ఏమగును? జాగ్రత్త గల గుమాస్తా ముందుగా అక్షరములను లెక్కించి, ఇది పట్టదని త్రోసిపుచ్చును. జాగ్రత్త లేనివాడు వ్రాయుచునే పోవును. 21వ అక్షరము ప్రక్క గడిలో పడును. 22వది ఆ ప్రక్క గడిలో పడును. అట్లు పొరలి పొరలి తుదకు మరలి వచ్చు దారి తెలుపు చీటీమీద పడి, అందున్నదానిని తుడిచివేయును. మానికెడు పట్టు పాత్రలో కుంచెడు పోసినట్లు! దీనినే బఫర్ ఓవర్‌ఫ్లో అందురు.

పొరపాటున ఇట్లు జరిగినచో యంత్రము దారి తప్పి నిలిచిపోవును. అంతకు మించిన కీడు సాధారణముగా నుండదు. బుద్ధిపూర్వకముగా చేసిన కథ వేఱు. దుర్మార్గుడు ఎన్నవ అక్షరము చీటీమీద పడునో ముందే లెక్కకట్టును. సరిగా ఆ స్థానమున తనకు కావలసిన గడి సంఖ్యను వ్రాయును. ఆ సంఖ్య తాను కోరిన ఆజ్ఞలున్న తావునకు దారి చూపును. ఆ ఆజ్ఞలను కూడ తఱచుగా ఆ ఉత్తరములోనే దాచి పంపును. యంత్రము చిన్న పనిని ముగించి, చీటీ చూచుకొని, దొంగ చూపిన చోటికి పోవును. అచ్చట నున్నదానిని తన యజమాని ఆజ్ఞవలెనే పాటించును. ఉత్తరము చదువుచున్నవానికి తెరమీద ఏ మార్పును కనబడకపోవచ్చును.

ఈ అపాయము క్రొత్తగా కనుగొన్నది కాదు. 1972లోనే అమెరికా వైమానిక దళము కొఱకు జేమ్స్ ఆండర్సన్ సమర్పించిన నివేదికలో ఇట్టి ప్రమాదము సూచింపబడెను. ఆ ప్రాంతముననే బెల్ ప్రయోగశాలలలో డెనిస్ రిచీ ‘సీ’ యను భాషను రూపొందించెను. నేటి కంప్యూటర్ల ప్రోగ్రాములలో పెద్ద భాగము ఆ భాషలోను, దాని సంతతి భాషలలోను వ్రాయబడినది. ఆనాటి యంత్రములు చిన్నవి, జ్ఞాపకము స్వల్పము. కావున ప్రతి గడిని నింపునపుడు కొలత చూచుట ఆ భాష తన పనిగా పెట్టుకొనలేదు. కొలత చూచు భారమును ప్రోగ్రాము వ్రాయువానిపై వేసెను. వ్రాయువాడు ఒక్కచోట మఱచినను చాలును, అచ్చట గండి సిద్ధమైయుండును.

అట్టి గండి ఎంత పని చేయునో లోకమునకు 1988 నవంబరు 2వ తేదీన తెలిసినది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థియైన రాబర్ట్ మోరిస్ తనంతట తాను వ్యాపించు ఒక ప్రోగ్రామును నాటి ఇంటర్నెట్టులో విడిచెను. అది యంత్రములలో చొరబడుటకు అనుసరించిన మార్గములలో ఒకటి ఇదియే. వచ్చిన మాటను ఉంచుటకు 512 గళ్ళున్న చోట అది 536 అక్షరములు పంపెను. అధికముగా నున్నవి 24 అక్షరములు మాత్రమే! సుమారు 6000 యంత్రములు దాని పాలబడినవని నాటి అంచనా. 1990లో న్యాయస్థానము ఆ విద్యార్థికి మూడేండ్ల ప్రొబేషనును, 400 గంటల సమాజసేవను, 10,050 డాలర్ల జుల్మానాను విధించెను. కొలత చూడక వ్రాతను లోనికి తీసికొన్న ఆ ‘గెట్స్’ అను సాధనము, 2011లో గాని సీ భాషా ప్రమాణమునుండి తొలగింపబడలేదు. తెలిసిన గండిని మూయుటకు కూడ ఎంత కాలము పట్టునో ఇందువలన గ్రహింపవచ్చును.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చెదను. వ్రాతపనికి ప్రపంచమున మిక్కిలి వాడుకలో నున్న ప్రోగ్రాము మైక్రోసాఫ్టు సంస్థవారి వర్డు. ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు గణిత సమీకరణములను ఉత్తరములలో వ్రాసికొనుటకు వీలుగా, దానితో పాటు ‘ఈక్వేషన్ ఎడిటర్’ అను చిన్న పనిముట్టు నొకదానిని ఇచ్చుచుండిరి. డిజైన్ సైన్స్ అను సంస్థ తయారుచేసిన పనిముట్టది. ఆ ఫైలు 2000 నవంబరు 9వ తేదీన కూర్చబడినది. 2007లో వచ్చిన వర్డులో సమీకరణములు వ్రాయుటకు క్రొత్త సాధనము నమరించిరి. కాని పాత పనిముట్టుతో వ్రాసిన పాత పత్రములు లోకమున లెక్కకు మిక్కిలిగా నుండెను. అవి తెఱచుకొనకపోవునేమో యని, ఆ పాత పనిముట్టును కూడ లోపలనే యుండనిచ్చిరి. ఉద్దేశము మంచిదే. పాత పత్రములను కాపాడవలెనన్న కోరికను ఎవరు తప్పుపట్టగలరు?

ఈ లోపల దొంగల బెడద పెరుగుటచేత, ప్రోగ్రాములకు క్రొత్త రక్షణలు ఏర్పడినవి. మరలు దారి చీటీకి ముందు లక్కముద్రవంటి ఒక గుఱుతు నుంచుట వానిలో నొకటి. వ్రాత పొరలివచ్చి ముద్ర చెదరినచో యంత్రము వెంటనే పని ఆపును. ఆజ్ఞలున్న గళ్ళ తావులను ప్రతిసారియు మార్చివేయుట మఱియొకటి; దొంగ ముందుగా కట్టిన లెక్క అప్పుడు తప్పిపోవును. వర్డునకు ఈ రక్షణలన్నియు క్రమముగా అమర్చిరి. ఈక్వేషన్ ఎడిటర్ మాత్రము వేఱొక ప్రోగ్రాముగా నడచునది; 2000లో కూర్చిన రూపముననే మిగిలిపోయినది. వర్డునకు వేసిన ముద్రలు దానికి లేవు. ఇంటికి ఇనుప తలుపులు పెట్టించి, పెరటి దొడ్డితలుపునకు పాత తడికనే విడిచిపెట్టినట్లు అయినది.

2017లో ఎంబెడి యను సంస్థకు చెందిన పరిశోధకులు ఈ తడికను పరీక్షించిరి. సమీకరణముతో పాటు, అది ఏ అచ్చు అక్షరముల తీరున కనబడవలెనో ఆ తీరు పేరు కూడ పత్రములో నుండును. పనిముట్టు ఆ పేరును చదివి, ఒక చిన్న బఫరులోనికి ఎత్తి వ్రాసికొనును. పేరు పొడవెంతయో అది చూడదు! పొడవైన దొంగ పేరు నొకదానిని ఆ స్థానమున నుంచి, పత్రమును తెఱచినవాని యంత్రముచేత తాము కోరిన పని చేయింపవచ్చునని వారు నిరూపించిరి. ఈ లోపము 17 సంవత్సరములు కోట్లకొలది యంత్రములలో కూర్చుండియున్నది. అన్నాళ్ళును ఆ పనిముట్టు తన పని తాను చక్కగా చేయుచుండినది; అందుచేతనే దానివంక ఎవరును చూడలేదు.

మైక్రోసాఫ్టువారు 2017 నవంబరు 14వ తేదీన దీనికి మరమ్మతు పంపిరి. ఆ మరమ్మతును పరిశీలించిన నిపుణులు ఒక వింతను గమనించిరి. ప్రోగ్రామును దిద్దువారు సాధారణముగా దాని మూలప్రతిని దిద్ది, దానినుండి యంత్రభాషను మరల కూర్తురు. ఇచ్చట అట్లు కాక, కూర్చియున్న యంత్రభాషలోని అంకెలనే నేరుగా చెక్కి, కొలత చూచు నియమమును ఇఱికించిరి. అంత పాతబడిన పనిముట్టు అది. రెండు నెలలు తిరుగక మునుపే అందులో మఱియొక లోపము బయటపడెను. 2018 జనవరిలో ఆ పనిముట్టునే పూర్తిగా తొలగించివేసిరి.

కథ ఇంతటితో ముగిసిన బాగుండును. ముగియలేదు. మరమ్మతు ప్రకటించుట యనగా గండి ఎక్కడ నున్నదో దొంగలకు కూడ ప్రకటించుటయే. మరమ్మతు వచ్చిన వారము లోపలనే, మధ్యప్రాచ్యములోని ఒక ప్రభుత్వ కార్యాలయముపై ఈ గండి మార్గమున దాడి జరిగినట్లు ఫైర్‌ఐ అను సంస్థ ఆ సంవత్సరము డిసెంబరులో వెల్లడించెను. 2020 మే నెలలో అమెరికా ప్రభుత్వ రక్షణ శాఖలు, 2016 మొదలు 2019 వఱకు దుర్మార్గులు మిక్కుటముగా వాడుకొనిన లోపముల పట్టిక నొకదానిని ప్రకటించినవి. 2017లోనే మందు దొరికిన ఈ రోగము ఆ పట్టికలో చేరియున్నది. దీనికి కారణమొక్కటే. మందు వచ్చినదిగాని, పుచ్చుకొననివారు పెక్కుమంది.

ఈ వృత్తాంతమునుండి నేను గ్రహించినది మీ ముందుంచుచున్నాను. తప్పు మొదట ఒక గుమాస్తావంటి ప్రోగ్రాము కొలత చూడకపోవుట. అట్టి తప్పు ఎవరికైనను సంభవించును. దానిని 17 ఏండ్ల అపాయముగా మార్చినది వేఱొకటి: పనిముట్టును ఉంచుకొనుటకు అందఱును ఒప్పుకొనిరి, దానిని కనిపెట్టి చూచు పూచీ మాత్రము ఎవరికిని లేకపోయినది. చెఱువు కట్టల సంగతి నాకంటె మీకే బాగుగా తెలియును. నీరు కట్ట మీఱి పొరలుటవలన తెగిన కట్టలున్నవి. ఎండ్రకాయ బొక్కలను ఎవరును చూడకపోవుటవలన తెగిన కట్టలును ఉన్నవి. నీరుగంటి ప్రతిదినము తిరిగి చూచు తూము పాతదైనను భయములేదు. నీరుగంటి లేని తూము, క్రొత్తదైనను నమ్మదగినది కాదు. యంత్రముల విషయమునను ధర్మమిదియే.

ఇంత ప్రమాదమున్నప్పుడు ఈ యంత్రములు మనకేల, మరల కాగితముమీదనే వ్రాసికొనరాదా యని పెద్దలు కొందఱు తలపవచ్చును. ఆ తలంపును నేను తేలికగా త్రోసివేయను. కాగితమునకు లేని గుణమొకటి యంత్రపు వ్రాతకు వచ్చినదని మొదటనే చెప్పితిని. కాని కాగితమునకు చెదయు, వానయు, అగ్నియు, దొంగ దస్తావేజులు పుట్టించువాడును శత్రువులే. వానికి వెఱచి మన పూర్వులు వ్రాత మానలేదు. పెట్టెలు చేయించిరి, నకళ్ళు వ్రాయించిరి, సాక్షులను పెట్టిరి. క్రొత్త వ్రాతకును తగిన జాగ్రత్తలను ఏర్పఱచుకొనుటయే మన పని. అట్టి కొన్నిటిని మనవి చేసెదను.

మొదటిది. పంచాయతి, సంఘము, పాఠశాల, వీనిలో నున్న యంత్రములకు మరమ్మతులు వేళకు అందుచున్నవా యని సభలో అడుగుడు. అడుగుటకు మీకు కంప్యూటరు విద్య రానక్కఱలేదు. “దీనికి మరమ్మతు పంపువారు ఇంకను ఉన్నారా? కడపట ఎప్పుడు వేసితిరి? ఈ పని ఎవరి పూచీ?” అను మూడు ప్రశ్నలు చాలును. ఉదాహరణమునకు, విండోస్ 10 అను యంత్రవ్యవస్థకును, ఆఫీస్ 2016, 2019 అను ప్రోగ్రాములకును సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. దొంగప్రతులను వాడువారికి మరమ్మతు నమ్మకముగా అందదు. అట్టి ప్రతులలోనే ఎవరేమి కలిపి యుంచిరో తెలియదు.

రెండవది. బయటినుండి వచ్చిన పత్రమును తెఱచినపుడు వర్డులో పైభాగమున పసుపుపచ్చని పట్టీ యొకటి కనబడును. పత్రమును చదువుటకు మాత్రమే తెఱచితిమి, లోపలి పనిముట్లను కదల్చలేదు అని దాని భావము. ఆ పట్టీమీద ‘ఎనేబుల్ ఎడిటింగ్’ అను బొత్తాము ఉండును. అది నొక్కుట కావలి తీసివేయుటయే. ఎరుగనివారు పంపిన పత్రములో ఆ బొత్తాము నొక్కుమని ఎవరైన తొందరపెట్టినచో, ఆ తొందరయే అనుమానమునకు కారణము. పంపినవారు తెలిసినవారైనను, ఎదురుచూడని పత్రమైనచో ఒకమాఱు ఫోను చేసి అడిగి తెలిసికొనుడు.

మూడవది. ముఖ్యమైన లెక్కలకు నకలును వేఱొక చోట, యంత్రమునకు తగిలింపక, భద్రపఱచుడు. దొంగ వశమైన యంత్రము తనకు తగిలించియున్న నకళ్ళను కూడ పాడుచేయును.

నాల్గవది. ఎవరి సొమ్మైన ఇట్టి మోసముచేత పోయినచో సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్మును నిలుపుట కష్టము. ఇంటిలో పిల్లవాడు పొరపాటున పత్రము తెఱచినచో వానిని తిట్టి బెదరింపకుడు. బెదరిన పిల్లవాడు మఱునాడు చెప్పడు. చెప్పనినాడు నష్టము రెట్టింపగును.

ఇవి వాడుకొనువారి జాగ్రత్తలు. యంత్రములకు ప్రోగ్రాములు వ్రాయువారి బాధ్యత ఇంతకంటె పెద్దది. తమ ప్రోగ్రాములలో ఏటేట సరిదిద్దు రక్షణ లోపములలో నూటికి సుమారు 70 వంతులు ఈ జ్ఞాపకపు గళ్ళ వ్యవహారమునకు సంబంధించినవేనని మైక్రోసాఫ్టువారే 2019లో చెప్పిరి. కొలతను తామే చూచు క్రొత్త భాషలు వచ్చియున్నవి. 2015లో మొదటి స్థిరరూపము పొందిన రస్ట్ అను భాష అట్టిది. 2024 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్ష కార్యాలయము కూడ ఇట్టి భాషలకు మాఱవలసినదని ప్రోగ్రాములు వ్రాయు సంస్థలకు ఉద్బోధించెను. మన తెలుగు బిడ్డలు వేలకొలది ఈ వృత్తిలో నున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినపుడు, “నాయనా, పాత్ర కొలిచి పోయుచున్నావా?” అని మీరడుగుడు. ఆ ప్రశ్న వారికి వెంటనే అర్థమగును.

వ్రాతమీద నమ్మకము పోయిన సంఘమున వ్యవహారము సాగదు. భూమి హక్కు, అప్పు పత్రము, పిల్లవాని మార్కుల పట్టీ, ముసలివాని పింఛను, ఇవన్నియు నేడు యంత్రపు వ్రాతమీదనే నిలిచియున్నవి. ఆ నమ్మకమును నిలుపునది పెద్ద పెద్ద కోటలు కావు. పోయుటకు ముందు కొలుచుటయు, ఉంచుకొనిన ప్రతి పాత పనిముట్టునకు ఒక కావలివానిని నియమించుటయు మాత్రమే. ఈ రెండు ధర్మములును మన ఊళ్ళకు క్రొత్తవి కావు. వానిని ఈ క్రొత్త చోటునకు కూడ తీసికొనిపోవలసినదని ప్రార్థించుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.